బండలెక్కే బొమ్మబండి
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయిన తర్వాత సాహిత్యంమీదనో సంగీతంమీదనో ఒక పెద్దమనిషి ఉపన్యసించడం మన సభలలో ఆనవాయితీ. ఈ యేడు కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "పిల్లలు మధ్యలో లేచిపోకుండా వినేది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్ఫైయేళ్ళకు పైగా పీణ్యలో టూల్‌రూములలో పనిచేసినవాణ్ణి. నాకు తెలిసినవి ఇనుము, ఇత్తడి, ఉక్కుతీగ. కనుక నేటి నా విషయం ఒక బొమ్మ. పెద్దలు నవ్వుకోవచ్చును. నవ్విన తర్వాత వినండి.

ఈ మధ్య మన వీధులలో పిల్లల చేతుల్లో ఒక రేడియో బండి కనిపిస్తున్నది. పందెపు కారులాగా రివ్వున పోయేది కాదు. మనిషి నడకకన్న మెల్లగా, గుట్టగా పోసిన కంకరమీద, బండరాళ్ళమీద ప్రాకుతూ పోయే ట్రక్కు. దాన్ని రాక్ క్రాలర్ అంటారు. అసలు బండికి పదోవంతు కొలతలో చేసినది మూరెడు పొడవుంటుంది. అమెరికాలో యూటా రాష్ట్రపు మోయబ్ బండలమీద, కాలిఫోర్నియాలోని రూబికాన్ బాటమీద నిజమైన జీపులతోనే ఈ వేడుక సాగుతుంది. దానికి ఇది బొమ్మరూపం. ఆక్సియల్, ట్రాక్సస్ వంటి కంపెనీలవి ఖరీదైన సరుకు. చైనానుండి వచ్చేవి చవక. ఖరీదైనా చవకైనా అన్నిటిలోనూ కీలకం ఒక్కచోటే వున్నది. అది మోటారులో లేదు. స్ప్రింగులలో, వాటిని పట్టుకున్న కడ్డీలలో వున్నది.

దీనికి ఉగాది సభకు ఏమి సంబంధమని మీరడగవచ్చు. మనలో చాలామందిమి హిందూపురం, మడకశిర, పెనుకొండ, కదిరి వైపులనుండి వచ్చినవాళ్ళం. 1970ల చివర ఈ పారిశ్రామికవాడ లేచింది మొదలు ఒకరిని చూసి ఒకరుగా వచ్చి, లేతుమీద, మిల్లింగు మిషనుమీద, ప్రెస్సుమీద బ్రతికినవాళ్ళం. మన పిల్లలు బడి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట "కంపెనీ" అని వ్రాస్తారు. ఏ కంపెనీ, అందులో నాన్న చేసేదేమిటి అంటే తెల్లమొగం వేస్తారు. వాళ్ళ తప్పు కాదు. మనం చెప్పలేదు. సాయంత్రం చేతులకు అంటిన కూలంటు వాసన కడుక్కొని ఇంట్లో అడుగుపెడతాము. చదువుకొని మాలాగా కాకుండా బాగుపడండి అంటాము. అంతే.

నా మిత్రుడొకరి మనుమరాలు ఏడవ తరగతి చదువుతున్నది. ఆ పిల్లకు మేనమామ అలాంటి బండి కొని యిచ్చాడు. మా వీధి చివర ఇల్లు కడుతున్నచోట గ్రానైటు ముక్కలు కుప్పగా పోసివున్నవి. బండి సగం ఎక్కి పక్కకు దొర్లిపోతున్నది. ఎక్కిస్తుంది, పడిపోతుంది, మళ్ళీ ఎక్కిస్తుంది. నన్ను చూసి, "తాతా, పెద్ద మోటారు వేస్తే ఎక్కుతుందా?" అన్నది.

"పెద్ద మోటారు వేస్తే ఇంకా త్వరగా పడుతుందమ్మా" అన్నాను.

వాళ్ళ నాన్న అక్కడే వున్నాడు. "పరదేశపు షాకులు తెప్పించమంటున్నదన్నా. నాలుగింటి ధర నా పదిరోజుల సంపాదన" అన్నాడు. అతను ఒక షెడ్డులో లేతుమీద పనిచేస్తాడు. వాల్వులకు స్ప్రింగులు చుట్టి యివ్వడం అతనికి కొత్తపని కాదు. కూతురి బొమ్మలో వున్నది కూడా అదే స్ప్రింగని అతనికి తట్టలేదు. తండ్రి స్ప్రింగులు చుట్టగలడని ఆ పిల్లకూ తెలియదు.

సరే, విషయానికి వస్తాను. మామూలు కారుకు స్ప్రింగులెందుకు? లోపల కూర్చున్నవారి నడుము విరగకుండా. జట్కాకు కమానుపట్టీలు వేసినదీ అందుకే. ఎద్దుబండికి కమాన్లు లేవు కనుక, సంతకు పోయివచ్చిన మరునాడు మన తాతలు ఎట్లా మూలిగేవారో మనకు గుర్తే. మరి బొమ్మబండిలో కూర్చునేవాడెవడు? ఎవడూ లేడు. అయినా దానికి స్ప్రింగులున్నవి. ఎందుకు?

ముక్కాలిపీటను ఎంత ఎగుడుదిగుడు నేలమీద వేసినా ఊగదు. నాలుగు కోళ్ళ మంచాన్ని వేస్తే ఒక కోడు గాలిలో తేలుతుంది. క్రింద పెంకుముక్క పెడతాము. మూడు బిందువులు ఏ నేలనైనా ఒప్పుకుంటవి, నాలుగవది ఒప్పుకోదు. బండికి వున్నవి నాలుగు చక్రాలు. చదునైన రోడ్డుమీద తేడా తెలియదు. బండలమీద ప్రతి అడుగుకూ ఒక చక్రం మంచంకోడులాగా తేలిపోవాలని చూస్తుంది. చక్రం నేలను పట్టడం దానిమీద పడిన బరువునుబట్టి వుంటుంది గదా! బరువులేని చక్రం ఎంత తిరిగినా వృథా. తేలిన చక్రం వాటా మిగతావాటిమీద పడుతుంది. బండి తన గరిమనాభినుండి ఒరిగిపోతుంది. మా పిల్ల బండి దొర్లినది ఇందుకే. స్ప్రింగులు మరీ బిర్రు. ఒక చక్రం రాయెక్కితే ఇరుసుతోపాటు బండి ఒళ్ళంతా ప్రక్కకు ఒరుగుతున్నది. మెత్తని స్ప్రింగైతే ఇరుసు మాత్రం ఒరిగి, పైనున్న ఒళ్ళు దాదాపు నిటారుగా నిలుస్తుంది. కాబట్టి ఈ బండిలో స్ప్రింగు పని సుఖమివ్వడం కాదు. బరువును నాలుగు చక్రాలకు సమంగా పంచడం. ఎత్తులో వున్న చక్రం దగ్గర కొంచెం తీసుకొని, పల్లంలో వున్నదానికి యివ్వడం.

బండిని విప్పే ముందు దాన్ని పరీక్షించాలి. రెండు పరీక్షలు చెబుతాను, ఖర్చులేనివి. ఒకటి: నాలుగు చక్రాల క్రింద నాలుగు కాగితపు ముక్కలు పెట్టి ఒక్కొక్కటి లాగి చూడండి. ఏది సులభంగా జారి వచ్చిందో ఆ చక్రంమీద బరువు తక్కువ. రెండు: ముందు కుడిచక్రం క్రింద ఒకే మందపు చెక్కముక్కలు ఒక్కొక్కటిగా పేర్చండి. ఎన్నో ముక్కకు మరొక చక్రం నేలను విడిచిందో నోటుబుక్కులో వ్రాయండి. తర్వాత ఎడమచక్రానికి, వెనుకవాటికి. ఈ నాలుగంకెలే మీ బండి జాతకం. ఏ మార్పు చేసినా ముందు వ్రాసిన అంకెతో పోల్చాలి. వ్రాసుకోని మార్పు మార్పు కాదు సుమా! టూల్‌రూములో మొదటి రోజున నేర్పే పాఠమిది. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది రెండవ పాఠం.

ఇక స్ప్రింగు సంగతి. ఇక్కడ కొంచెంసేపు నిలబడతాను, ఎందుకంటే పిల్లలకేగాక పెద్దలకూ ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం వున్నది. స్ప్రింగు గట్టిగా వుంటే రెండు చుట్లు కత్తిరించివేస్తే మెత్తబడుతుందనుకుంటారు. నిజానికి గట్టిపడుతుంది! 10 చుట్ల స్ప్రింగును 8 చుట్లకు కోస్తే పావువంతు ఇంకా బిర్రవుతుంది. చూపుకు పొట్టిదై బండి క్రిందికి దిగుతుంది కనుక మెత్తబడినట్లు తోస్తుంది, అంతే. ఎందుకు? స్ప్రింగంటే చుట్టిన తీగ. ఒత్తినప్పుడు తీగ పొడవునా మెలి పడుతుంది. తీగ పొడవెక్కువైతే మెలి తలా కొంచెం పంచుకుంటుంది. తక్కువైతే కొద్ది తీగమీదే అంతా పడుతుంది.

మరొక అభిప్రాయం: షాకుమీది మరను బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. అదీ కాదు. బండి ఎత్తు పెరుగుతుంది, స్ప్రింగు గుణం మారదు.

గుణం మారాలంటే మూడే దారులు: తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య. ఇందులో తీగ మందానిది రాజరికం. బలం మందానికి నాల్గవ ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వెడల్పుకు మూడవ ఘాతంలో తగ్గుతుంది. చుట్ల సంఖ్య ఎన్ని రెట్లయితే బలం అన్నోవంతు అవుతుంది. లెక్క చూడండి. చుట్టు నడిమి వ్యాసం 12 మిల్లీమీటర్లు, పనిచేసే చుట్లు 10, ఉక్కుతీగ మందం 1.2 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 120 గ్రాముల బరువు కావాలి. అదే కొలతలలో 1 మిల్లీమీటరు తీగ వాడితే 58 గ్రాములు చాలును. మందంలో తగ్గినది ఒక మిల్లీమీటరులో అయిదోవంతు. కంటికి ఆనదు. బలం మాత్రం సగానికన్న తక్కువైపోయింది. మైక్రోమీటరు ఎందుకు పట్టాలో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బండిలో చక్రాలు, ఇరుసులు పోగా స్ప్రింగులమీద పడే బరువు 2 కిలోలనుకుందాము. తలా 500 గ్రాములు. పాత స్ప్రింగు 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కొత్తది ఎనిమిదిన్నర. షాకు మొత్తం కదలిక 25 మిల్లీమీటర్లయితే కొత్త స్ప్రింగుతో బండి తన బరువుకే మూడోవంతు కూర్చున్నదన్నమాట. నాకు కావలసినది అదే. చక్రం పైకి లేవడానికి రెండువంతుల జాగా, పల్లంలోకి జారడానికి ఒక వంతు జాగా. మామూలుగా అందరూ పైకి లేచే జాగానే చూస్తారు. బండలమీద క్రిందికి దిగే జాగాయే బండిని కాపాడుతుంది. గుంట వచ్చినప్పుడు చక్రం చేయి చాచి నేలను అందుకోవాలి.

అట్లాగని మెత్తనిదే మేలని అంతం లేకుండా పోకూడదు. నిలువుగా వున్న బండను ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది. ముందు స్ప్రింగులమీద భారం తగ్గి అవి విచ్చుకొని బండి ముక్కును పైకి నెడతవి. ముక్కు లేచిన బండి వెల్లకిలా పడుతుంది. అందుచేత ముందువైపు షాకులకు క్రిందికి దిగే జాగా కొంచెం కట్టడి చేసేవాళ్ళున్నారు. నా అభిప్రాయం కూడా అదే. ఎత్తైన బండి చూడడానికి దర్జాగా వుంటుంది గాని, బండలమీద కురచవాడే నిలుస్తాడు.

స్ప్రింగు చుట్టే పద్ధతి మన షెడ్డువాళ్ళకు చెప్పనక్కరలేదు, అయినా పిల్లలకోసం రెండు మాటలు. పియానో వైరనే ఉక్కుతీగ కావాలి. కట్టుడు తీగ పనికిరాదు. కడ్డీమీద చుట్టి వదలగానే తీగ కొంచెం విచ్చుకుంటుంది. కనుక కావలసిన లోపలి వ్యాసంకన్న సన్నని కడ్డీ తీసుకోవాలి. ఎంత సన్ననిది అన్నది ఆ తీగచుట్ట గుణాన్నిబట్టి ఒకటి రెండు చుట్టి చూసి తేల్చుకోవలసినదే. పుస్తకంలోని అంకె ఆరంభానికి మాత్రమే. చుట్టినదాన్ని సుమారు 230 డిగ్రీల వేడిలో అరగంట వుంచితే లోపలి బిగువు తగ్గి, వాడుకలో కుంగిపోదు. ఒక్క హెచ్చరిక. తిరిగే లేతుమీద పిల్లలు దీనికి చెయ్యి పెట్టరాదు. జారిన తీగకొస కొరడాకన్న అన్యాయం. చక్‌ను చేత్తో త్రిప్పుతూ, పెద్దలు ప్రక్కనుండగా, కళ్ళకు అద్దాలు పెట్టుకొని చుట్టాలి. నాలుగు స్ప్రింగులకు గంటసేపు చాలును.

మా వీధిపిల్ల తండ్రి ఒక ఆదివారం అట్లాగే చుట్టాడు. కూతురు ప్రక్కన నిలబడి చుట్లు లెక్కపెట్టింది. "నాన్నా, నీకు ఇది ఎవరు నేర్పారు?" అన్నది. అతను చాలాసేపు జవాబు చెప్పలేదు. తర్వాత తాను చేరిన మొదటి షెడ్డు మేస్త్రీ సంగతి, ఆయన పెట్టిన చీవాట్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి వచ్చివేశాను.

మిగతా మార్పులు త్వరగా చెబుతాను. షాకులో సిలికాన్ ఆయిలు వుంటుంది. ఈ బండి వేగమే లేనిది కనుక పలుచని నూనె చాలును. చిక్కనిది పోస్తే చక్రం గుంటలోకి దిగడానికి బద్ధకిస్తుంది. పోసిన తర్వాత పిస్టన్‌ను మెల్లగా ఆడించి గాలిబుడగలు పోనివ్వాలి. ఇరుసును పట్టుకున్న క్రిందికడ్డీలు తిన్ననివైతే రాయి వాటి నడుమ తగులుకుంటుంది. కొంచెం పైకి వంచినవైతే రాతిమీద జారిపోతవి. ఇరుసు మునుపటికన్న క్రిందికి దిగేటట్లు చేశారంటే, గేర్‌బాక్సునుండి ఇరుసుకు పోయే షాఫ్టు ఒకదానిలోనుంచి ఒకటి జారి ఊడిపోతుందేమో చక్రాలను పూర్తిగా వ్రేలాడదీసి ముందే చూసుకోవాలి. మోటారు ఒక్కసారి ఊపందుకున్నప్పుడు ఆ షాఫ్టు తిరుగుడుకు బండి ఒళ్ళు ఒక ప్రక్కకు మెలిపడడం కూడా కద్దు. అప్పుడు కుంగే వైపు వెనుకస్ప్రింగు మరను కొంచెం బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

బరువు విషయం మాత్రం చెప్పి తీరాలి. రోడ్డు కారులో చక్రం దగ్గర బరువు పెరగడం దోషం. ఈ బండిలో గుణం. నడకవేగంలో ఆ బరువు ఎగిరిపడదు; గరిమనాభిని నేలకు దగ్గర చేస్తుంది. ముందుచక్రాల లోపలివైపు ఇత్తడి బిళ్ళలు తొడిగి, బ్యాటరీని ముందుకు జరిపి, మొత్తం బరువులో సగానికి కొంచెం పైగా, నూటికి 55నుండి 60 పాళ్ళు, ముందు ఇరుసుమీద పడేటట్లు చేస్తారు. వంటింటి త్రాసు తెచ్చి ఒక్కొక్క చక్రాన్ని తూచండి. మిగతా మూడు చక్రాల క్రింద త్రాసు ఎత్తే పీటలు పెట్టడం మరువకండి. త్రాసు శుభ్రంగా తుడిచి యివ్వడం కూడా మరువకండి, అమ్మలు ఊరుకోరు! ఇత్తడి బిళ్ళలకు బజారుకు పోనక్కరలేదు. మన షెడ్లలో తుక్కుడబ్బాలో పడేసే కడ్డీముక్కలు చాలును. రేడియో, సర్వో, బ్యాటరీ కొనవలసినవే, అవి కొనండి. స్ప్రింగు, కడ్డీ, ఇత్తడిబిళ్ళ కొనకండి.

ఇంతవరకు స్ప్రింగుతో బరువు పంచడం చెప్పాను. ఇప్పుడు స్ప్రింగే లేకుండా పంచడం చెబుతాను. పొలంలో ట్రాక్టరు చూడండి. ముందు ఇరుసుకు సాధారణంగా స్ప్రింగు వుండదు. నడుమ ఒక్క మేకు, దానిమీద ఇరుసు త్రాసుకోలలాగా ఊగుతుంది. వెనుక రెండు చక్రాలు, ముందు ఆ మేకు. అన్నీ కలిపి మూడు బిందువులు. నాలుగుకాళ్ళ మంచం ముక్కాలిపీట అయింది! గట్టుమీద ఎక్కినా నాలుగు చక్రాలూ నేలను విడవవు. పిల్లలు తమ బొమ్మబండి వెనుక ఇరుసును స్ప్రింగులమీదనే వుంచి, ముందు ఇరుసును ఇట్లా మేకుమీద కూర్చోబెట్టి చూడవచ్చు. మెల్లగా పోయినంతసేపు బాగానే ప్రాకుతుంది. వేగం పెంచితే మాత్రం ముక్కు చెక్కలవుతుంది.

ఈ ఉపాయాన్ని ఆరు చక్రాలకు విస్తరించినవారున్నారు. 1980ల చివర అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారు, డోనాల్డ్ బిక్లర్ అనే ఇంజనీరు చేతిమీదుగా, రాకర్-బోగీ అనే అమరిక చేశారు. మన భాషలో దాన్ని పెద్దకాడి చిన్నకాడి అనవచ్చు. బండికి ప్రక్కకు మూడు చక్రాలు. పెద్దకాడికి ఒక చివర ఒక చక్రం, రెండవ చివర కీలుమీద ఊగే చిన్నకాడి. ఆ చిన్నకాడికి రెండు కొసల్లో రెండు చక్రాలు. రెండెద్దులు సమానంగా లాగడానికి కాడికి నడుమ పట్టు వున్నట్లే, బరువు పంచడానికి ఈ కీళ్ళు. కుడి ఎడమల పెద్దకాళ్ళను ఒక డిఫరెన్షియల్ కలుపుతుంది. ఒక ప్రక్క ఎంత వాలితే బండి ఒళ్ళు అందులో సగమే వాలుతుంది. ఎక్కడా స్ప్రింగు లేదు, నూనె లేదు. 1997లో అంగారకుని మీద సోజర్నర్ ఈ కాళ్ళతోనే నడిచింది. 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ, 2012లో క్యూరియాసిటీ, 2021లో పర్సెవరెన్స్ దిగినవి. అన్నిటివీ ఇవే కాళ్ళు.

ఇంతదూరం ఎందుకు వచ్చానో మీరు ఊహించేవుంటారు. ఈ కాళ్ళతో చంద్రునిమీద నడిచిన మన బండిపేరు ప్రజ్ఞాన్. 26 కిలోలు, ఆరు చక్రాలు, వేగం సెకనుకు ఒక సెంటీమీటరు. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం దిగింది. ఆ సాయంత్రం దేశమంతా టీవీలో చూసిన ఆ గది, శాస్త్రజ్ఞులు లేచి చప్పట్లు కొట్టిన ఆ గది, ఎక్కడున్నదనుకున్నారు? ఢిల్లీలో కాదు, శ్రీహరికోటలో కాదు. ఇక్కడ, మన పీణ్యలో, ఇస్రోవారి ఇస్ట్రాక్ కేంద్రంలో. మనం రోజూ బస్సుకోసం నిలబడే రోడ్లకు కూతవేటు దూరంలో. చంద్రునినుండి వచ్చే సన్నని సంకేతాన్ని పట్టే 32 మీటర్ల పెద్ద గొడుగు బిడది దగ్గర బ్యాలాళులో వున్నది. దాన్ని చేసి నిలబెట్టినది మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారు.

దిగడానికి ముందు కూడా ఒక కాళ్ళ సవరణ కథ వున్నది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దిగబోయి చంద్రునిమీద కూలిపోయింది. దాని కడుపులోని మొదటి ప్రజ్ఞాన్ నేలమీద కాలు పెట్టనేలేదు. తర్వాత చేసిన సవరణలు అనేకం వున్నవిగాని, వాటిలో ఒకటి ఇది: దిగే నౌక కాళ్ళను గట్టిపరచి, సెకనుకు 2 మీటర్ల వేగంతో తాకేదానికి తట్టుకొనేవాటిని 3 మీటర్లకు తట్టుకొనేటట్లు చేశారు. అక్కడ బిర్రుగా చేయవలసివచ్చింది. మన బొమ్మలో మెత్తగా చేస్తున్నాము. ఏ కాలికి ఏ పని అన్నది ముందు తేల్చుకోవాలి.

ప్రజ్ఞాన్‌ను నడిపిన తీరు పిల్లలు శ్రద్ధగా వినాలి. మీరు బండిని కంటితో చూస్తూ రిమోటు త్రిప్పుతారు. వారికి ఆ వీలు లేదు. సంకేతం చంద్రుని చేరడానికే ఒక సెకనుకు పైగా పడుతుంది. తిరిగి రావడానికి మరొక సెకను. అందుచేత బండి కెమెరాలు తీసిన బొమ్మలను ఇక్కడికి తెప్పించుకొని, వాటినుండి ఎత్తుపల్లాల పటం గీసుకొని, దారి నిర్ణయించి, ఇంత దూరం పో, ఆగు అని ఆజ్ఞ పంపేవారు. పోయి ఆగిన తర్వాత మళ్ళీ బొమ్మలు, మళ్ళీ పటం. ఆగస్టు 27న 4 మీటర్ల అడ్డకొలత వున్న గొయ్యి ఎదురైంది, సరిగా 3 మీటర్ల ముందు. ఆరు చక్రాలున్నవి, కాడికాళ్ళున్నవి, దిగి ఎక్కుదామని వారనుకోలేదు. వచ్చిన దారినే వెనక్కు త్రిప్పి వేరే త్రోవ పట్టించారు. అట్లా జాగ్రత్తగా 100 మీటర్లకు పైగా నడిపి, సెప్టెంబరు 2న రాత్రికి ముందు బండిని నిద్రపుచ్చారు. పది రోజుల్లో 100 మీటర్లు! మన పిల్లలు తమ బండి నెమ్మది అని విసుక్కుంటారు.

మా వీధిపిల్లకు ఈ గొయ్యి సంగతి చెబితే, "పటం గీయకుండా నేను ఎందుకు ఎక్కిస్తున్నాను?" అని తనలో తానే అనుకున్నది. ఇప్పుడు బండను ముందు చూసి, ఏ చక్రం ఎక్కడ పెట్టాలో సుద్దతో గుర్తుపెట్టుకొని, తర్వాత రిమోటు అందుకుంటున్నది. కొత్త స్ప్రింగులతో చెక్కముక్కల పరీక్షలో అంకె 3నుండి 5కు పెరిగింది. గ్రానైటు కుప్ప ఎక్కిందా అంటే, ఒక వైపునుండి ఎక్కింది. రెండవ వైపునుండి ఇంకా దొర్లుతున్నది. ఆ వైపు నిలువు ఎక్కువ. బ్యాటరీ ముందుకు జరపాలి. ఇత్తడిబిళ్ళలు ఈ వారం వాళ్ళ నాన్న తిరుగుపోస్తానన్నాడు. ఈసారి కొలతలు ఆ పిల్లే గీసి యిచ్చింది, వెర్నియర్ పట్టుకొని.

భోజనాల తర్వాత హాలు వెనుక ఖాళీస్థలంలో నాలుగు బండరాళ్ళు వేయించాము. ఆ బండి వుంటుంది. దాని పాత స్ప్రింగులు, కొత్త స్ప్రింగులు రెండూ బల్లమీద వుంటవి. చేత్తో నొక్కి చూడవచ్చు. బండ్లున్న పిల్లలు తమవి తెచ్చుకోండి. కాగితపు ముక్కలు, చెక్కముక్కలు, ఒక త్రాసు నేను తెచ్చాను. షెడ్లలో పనిచేసే తండ్రులు కూడా దయచేసి రావలెను. పిల్లలు అడిగే ప్రశ్నలన్నిటికీ నేనొక్కణ్ణే జవాబు చెప్పజాలను, నాకు కళ్ళజోడు మార్చవలసి వున్నది.